చంద్రలేఖ నృత్యరచనలో ఆంగికం

భారతీయ సమకాలీన నృత్యాన్ని పాశ్చాత్య ప్రభావ ఫలితంగానే వివరించే ధోరణి ఒకటుంది. చంద్రలేఖ (1928–2006) కృషి ఆ వివరణలో ఇమడదు. కాంచీపురం ఎల్లప్ప పిళ్ళై వద్ద భరతనాట్యం అభ్యసించిన ఆమె 1985లో ‘ఆంగిక’ను రూపొందించారు. అందులో భరతనాట్యానికి యోగం, కేరళ యుద్ధవిద్య అయిన కలరిపయట్టు తోడయ్యాయి.

నాట్యశాస్త్రం పేర్కొన్న చతుర్విధాభినయాలలో చంద్రలేఖ ఆహార్యాన్ని మితం చేసి, ఆంగికాన్ని కేంద్రంగా గ్రహించారు. అరమండిలో మోకాళ్ళు పక్కలకు వంగుతాయి, వెన్ను నిటారుగా నిలుస్తుంది, శరీరభారం భూమి వైపు దిగుతుంది. కలరి భంగిమలలోనూ ఇటువంటి నిలకడే ప్రధానం. కావున ఈ విద్యల కలయికకు ఆధారం బాహ్యమైన అలంకరణ కాదు, శరీర విన్యాసంలోని సామ్యమే.

అయితే ఈ ఎంపికకు మూల్యం లేకపోలేదు. దేవదాసీలు క్షేత్రయ్య పదాలను అభినయించినప్పుడు స్త్రీ కోరిక మాటగా, ప్రశ్నగా, నిష్ఠూరంగా వినిపించేది. పదాన్ని విడిచిన నృత్యం ఆ వాక్కును కూడా విడిచినట్లే. 2001 నాటి ‘శరీర’ కథ లేకుండానే స్త్రీ లైంగికతను, శక్తిని వేదికపై నిలిపింది. కానీ అక్కడ పలికేది దేహమే, నాయిక కాదు. సమకాలీన నృత్యంలో సంప్రదాయ స్థానాన్ని నిర్ణయించేటప్పుడు స్వీకరించిన అంశాలతో పాటు పరిత్యజించిన వాటిని కూడా పరిశీలించడం అవసరం.