నెలసరి లెక్క తప్పితే, నడుమ మరకలు కనిపిస్తే: ఏది సహజం, దేనికి పరీక్ష అవసరం?

సూరత్: గుజరాత్ వస్త్రనగరం సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు పెద్దసంఖ్యలో నివసిస్తున్నాయి. పురుషులు మరమగ్గాలపై పనిచేస్తుండగా, ఇళ్లలో మహిళలు చీరల దారాలు కత్తిరించడం, రాళ్లు అతికించడం వంటి పనులు చేస్తుంటారు. ఎన్ని చీరలు చేస్తే అంత కూలి. ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు సంపాదన పోయినట్లే. అందువల్ల నెలసరి క్రమం తప్పినా, నడుమ రక్తపు మరకలు కనిపించినా ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకోవడం పరిపాటి. ఈ సమస్యకు వేడి కారణం కాదు.

ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరువాతి నెలసరి మొదటి రోజు వరకు ఉండే వ్యవధిని ఋతుచక్రంగా లెక్కిస్తారు. సరిగ్గా 28 రోజులే ఉండాలన్న నియమం లేదు. అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సమాఖ్య ‘ఫిగో’ 2018లో సవరించిన ప్రమాణాల ప్రకారం 24 నుంచి 38 రోజుల చక్రం, 8 రోజుల లోపు రక్తస్రావం సాధారణమే. రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లలోను, నెలసరి ఆగిపోయే వయసు సమీపించినప్పుడు కూడా లెక్క తప్పడం సహజం.

క్రమం తప్పడానికి ముఖ్యకారణం అండం విడుదల కాకపోవడం. నెల తొలి సగంలో ఈస్ట్రోజెన్ హార్మోను గర్భాశయ లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలైన తరువాత వెలువడే ప్రొజెస్టిరాన్ ఆ పొరను నిలిపి ఉంచుతుంది. దాని స్థాయి పడిపోగానే పొర రాలి నెలసరి వస్తుంది. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ తయారు కాదు. పొర పెరుగుతూ పోయి, ఒక పద్ధతి లేకుండా అక్కడక్కడ రాలుతుంది. పీసీఓఎస్, థైరాయిడ్ లోపం, అధిక బరువు, తీవ్ర మానసిక ఒత్తిడి ఇందుకు దారితీస్తాయి. ఏళ్ల తరబడి ఇలాగే కొనసాగితే పొర అసాధారణంగా మందమై, క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

నడుమ కనిపించే మరకలకు కారణాలు వేరు. అండం విడుదలయ్యే సమయంలో కొందరికి ఒకటి రెండు రోజులు స్వల్పంగా మరక పడుతుంది. దానికి చికిత్స అక్కరలేదు. గర్భాశయంలో పాలిప్, ఫైబ్రాయిడ్ గడ్డలు, ఇన్ఫెక్షన్ ఉన్నా మరకలు పడవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మూడు నెలలకోసారి ఇచ్చే ‘అంతర’ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో తొలి నెలల్లో మరకలు, ఆ తరువాత నెలసరి ఆగిపోవడం తరచుగా కనిపిస్తాయి. ఈ విషయం ముందే చెప్పకపోతే మహిళలు భయపడి పద్ధతినే మానేస్తారు.

పెళ్లి, వ్రతం, బతుకమ్మ పండుగ వస్తున్నాయంటే మందుల దుకాణంలో అడిగి నెలసరిని వాయిదా వేసే మాత్రలు కొనుక్కోవడం మరొక అలవాటు. వీటిలో సాధారణంగా ఉండేది నోరెథిస్టిరాన్. మాత్ర ఆపిన రెండు మూడు రోజుల్లో రక్తస్రావం వస్తుంది. ఒక పూట మరచిపోతే మధ్యలోనే మరక పడవచ్చు. కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా ఈ మాత్రలు వాడరాదు.

నెలసరి ఆలస్యమై ఆపై మరక కనిపిస్తే మొదట గర్భనిర్ధారణ పరీక్ష చేసుకోవాలి. దానితో పాటు పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అది గర్భాశయం వెలుపల ఏర్పడిన గర్భం కావచ్చు. ప్రాణాపాయం ఉన్నందున గంటలు కూడా ఆగరాదు. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం వరుసగా రెండు మూడు గంటలు కొనసాగినా వెంటనే ఆసుపత్రికి చేరాలి. కలయిక తరువాత రక్తం కనిపిస్తే గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించాలి. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా పరీక్ష తప్పనిసరి. ‘మళ్లీ ముట్టయింది’ అని సంతోషించే విషయం కాదది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం గుజరాత్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 65 శాతం మందికి రక్తహీనత ఉంది. అటువంటి శరీరానికి కొద్దిపాటి అదనపు రక్తస్రావం కూడా భారమే. అందువల్ల హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, అల్ట్రాసౌండ్ తొలిదశలోనే సూచిస్తారు.

సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నిర్వహించే స్మిమర్ ఆసుపత్రుల్లో స్త్రీవ్యాధుల విభాగాలు ఉన్నాయి. గుజరాతీ, హిందీ సరిగా రానివారు గోడ క్యాలెండర్‌లో మూడు నెలల పాటు రక్తస్రావమైన తేదీలకు గుర్తు పెట్టి, నడుమ మరక పడిన రోజులకు వేరే గుర్తు వేసి, వాడుతున్న మాత్రల అట్టలతో పాటు తీసుకెళ్లి చూపించవచ్చు.