చెరువులో ఉన్నది కలువా, తామరా?

పువ్వు కంటే ముందు ఆకును చూడండి. ఆకు అంచు నుంచి కాడ దాకా కత్తిరించినట్టు ఒక చీలిక కనిపిస్తే అది కలువ. చీలిక లేకుండా గుండ్రంగా ఉండి, కాడ సరిగ్గా నడిమధ్యన అతికి ఉంటే తామర. కలువాకు సాధారణంగా నీటి మీదే తేలుతుంది. తామరాకుల్లో లేతవి తేలినా, ముదిరినవి నీటిపైకి లేచి నిలబడతాయి.

తామరాకు మీద నీటిబొట్టు ఎందుకు నిలవదు? ఆకు పైభాగమంతా కంటికి కనిపించని సన్నని బొడిపెలు, వాటి మీద మైనపు పూత ఉంటాయి. బొట్టు ఆ బొడిపెల కొనలనే తాకుతుంది, కింద గాలి చిక్కుకుని ఉంటుంది. అందుకే అది ముత్యంలా దొర్లిపోతూ దుమ్మును కూడా తీసుకుపోతుంది. ఎంత అందమైన ఏర్పాటో!

పువ్వు రాలాక గుర్తుపట్టడం ఇంకా తేలిక. తామరకు మధ్యలో చిల్లుల మూతలాంటి దుద్దు మిగులుతుంది, ఒక్కో గుంటలో ఒక్కో గింజ. చైనాలో ఒక ఎండిన సరస్సు అడుగున దొరికిన, దాదాపు 1300 ఏళ్ల నాటి తామర గింజ మొలకెత్తింది! కలువ కాయ మాత్రం నీటి లోపలే పండుతుంది.

వేళ కూడా గమనించండి. కలువల్లో కొన్ని రకాలు పగలు విచ్చుకుంటాయి, కొన్ని రాత్రి పూసి, పొద్దెక్కాక ముడుచుకుంటాయి. తామర పగటి పువ్వు. గట్టు మీద నుంచే చూడండి, నీళ్లలోకి దిగకండి. కాడలు కాళ్లకు చుట్టుకుంటాయి.