ఉగాది పచ్చడియు, ఇంటి కుక్కయు

క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, మామిడిపిందె, వేపపూవు కలిపి ఉగాదినాడు పచ్చడి చేసికొని ఇంటిల్లిపాదియు ఆరగించునపుడు, గడపకడ కూర్చుండి తోక యాడించుచు మన చేతివంకనే చూచుచుండు కుక్కకును ఒక చెంచెడు పెట్టవలెనని తోచుట సహజము. కాని ఆ వాత్సల్యమే ఆ మూగజీవి మూత్రపిండములకు మృత్యుహేతువు కావచ్చునని పశువైద్యశాస్త్రము ఇటీవలనే గ్రహించినది.

ద్రాక్షపండ్లో, ఎండుద్రాక్షలో తిన్న కుక్కలలో కొన్ని వాంతులు చేసికొని, ఒకటి రెండు దినములకు మూత్రపిండములు చెడి మరణించుట వైద్యులు చిరకాలముగా చూచుచున్నను, అందలి ఏ పదార్థ మిట్టి ఘాతుకమునకు మూలమో బోధపడకుండెను. కేకుల పిండిలో కలుపు టార్టార్ క్రీము తిన్న కుక్కలకును, చింతపండు తిన్న కుక్కలకును అచ్చముగా అవే లక్షణములు కలుగుట గమనించిన అమెరికా పశువైద్యులు, ఈ మూడింటియందును సమృద్ధిగా నుండు టార్టారిక్ ఆమ్లమే దోషి కావచ్చునని 2021, 2022 సంవత్సరములలో ప్రకటించిరి. మనుష్యుని మూత్రపిండకణములలో ఇట్టి ఆమ్లములను చేరవేయు వాహకములలో ఒకటి కుక్కకు లేదనియు, అందుచే ఆమ్లము కణములలోనే పేరుకొని వానిని నశింపజేయుననియు వారి ఊహ. చింతపండు లేనిదే చారు లేదు, పులుసు లేదు, పులిహోర లేదు. కావున ఈ విషయము ఏ దేశమువారికన్నను తెలుగు గృహస్థునకే ఎక్కువగా తెలియవలసియున్నది. పులుసులోని ఉల్లిపాయ వేరొక విపత్తు: ఎంత ఉడికించినను నశింపని దాని గంధక సమ్మేళనములు కుక్కయొక్క ఎఱ్ఱ రక్తకణములను చితుకజేసి పాండువును కలిగించును. పండుగనాడు మన ప్రేమను చూపుటకు ఉప్పు కారములు తగులని ఉత్తి అన్నమును, ఉడికించిన గ్రుడ్డును చాలును.

అదియైనను మితముగానే పెట్టవలెను. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలు జతలుగా విభజించి, ప్రతి జతలోను ఒకదానికి రెండవదానికన్న నూటికి 25 వంతులు తక్కువగా ఆహారమిచ్చుచు జీవితాంతము పరిశీలించి 2002లో వెల్లడించిన ఫలితము నన్ను కలచివేసినది: ఎక్కువ తిన్నవాని మధ్యస్థ ఆయుర్దాయము 11.2 సంవత్సరములు, తక్కువ తిన్నవానిది 13. గిన్నె నిండుగా పోసి మురిసికొను యజమాని, తాను ప్రేమించు ప్రాణికి దాదాపు రెండేండ్ల జీవితమును దూరము చేయుచున్నాడన్నమాట! క్రొత్త సంవత్సరమున ఒక్క అలవాటే చేసికొనదలచువారు కంటిచూపు నమ్ముట మాని, గిద్దతో కొలిచి పెట్టుట నేర్చుకొందురు గాక.

ఉగాది వెంటనే ఎండలు ముదురును. మనకు ఒడలెల్ల స్వేదము పట్టి చల్లబడును. కుక్కకు చెమట పట్టునది ప్రధానముగా పాదతలములందే యగుటచే, అది నాలుక వ్రేలాడవేసి రొప్పుచు, నోటితడిని ఆవిరిగా పోగొట్టుకొనియే తాపమును తీర్చుకొనవలెను. ముక్కు చట్టిగానుండు పగ్ వంటి జాతులకు ఆ రొప్పుటయు కష్టమే. సూర్యుడు పైకెక్కకమునుపే దానిని త్రిప్పుకొని రావలెను. తారురోడ్డుపై మన చేతివెనుకభాగము నుంచి కొన్ని క్షణములైనను ఓర్వలేకపోయినచో, దాని పాదములును ఓర్వలేవు.

ఇక పిచ్చికుక్క వ్యాధి. లక్షణములు పొడసూపిన పిదప అది దాదాపు ఎల్లప్పుడును ప్రాణాంతకమే. 1885 జూలై 6న పారిస్ నగరమున జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి పాశ్చర్ టీకా వేయించిననాటినుండి నివారణోపాయము మానవుని చేతిలోనే యున్నది. కుక్కపిల్లకు మూడు నెలల వయస్సున ఒక సూది, ఏడాదికి మరియొకటి, ఆపైన వైద్యుడు చెప్పిన ప్రకారము వేయించుచుండవలెను. ఎట్లును ఉగాదికి క్రొత్త పంచాంగము కొందుముగదా. మన రాశిఫలములు చదువుకొన్న పిమ్మట, ఆ పంచాంగపు మార్జినులో కుక్కకు సూది వేయించవలసిన తేదీని వ్రాసి, దానిని గోడమేకుకు తగిలించినచో, ఇంటిలోని పిల్లలే ఆనాడు జ్ఞాపకము చేయుదురు.