పడవకు ధీమా... మరి వలకు?

మనిషికి బీమా ఉంది. పడవకూ చేయించుకోవచ్చు. మరి రాత్రంతా నీళ్లలోనే ఉండే వల సంగతేంటి? జూరాల నీటిని నమ్ముకున్న ఆత్మకూరు ప్రాంతపు మత్స్యకార కుటుంబాలు పాలసీ కాగితం మీద సంతకం పెట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే!

జూరాల గేట్లు ఎత్తారంటే చూసేవాళ్లకు పండగే. కార్లు, బైకులు ప్రాజెక్టు దారి పడతాయి. కట్ట దగ్గర వేయించిన చేపల వాసన ఘుమఘుమలాడుతుంది. ఆ చేపను పట్టి తెచ్చినవాళ్ల ఇళ్లలో మాత్రం ఆ రోజు లెక్కలు వేరు. నీళ్లలో వేసిన వలలు ఎన్ని, పైకి తెచ్చుకున్నవి ఎన్ని, కొట్టుకుపోయినవి ఎన్ని... ఇవీ వాళ్ల లెక్కలు.

ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. కృష్ణమ్మ కర్ణాటక దాటి తెలంగాణలోకి వచ్చాక ఆగే మొదటి పెద్ద జలాశయం ఇదే. పూర్తి నీటిమట్టం 1045 అడుగులు. ఒక గట్టు గద్వాల వైపు, రెండో గట్టు ఆత్మకూరు, అమరచింత వైపు. 2016లో జిల్లాల పునర్విభజన తర్వాత ఆత్మకూరు వనపర్తి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా నదితో చుట్టరికం మారలేదు. వెదురు బద్దలతో అల్లి, అడుగున నీళ్లు చొరకుండా తారు పూసిన గుండ్రటి పుట్టి, ఒక తెడ్డు, కొన్ని వలలు... చాలా కుటుంబాల ఆస్తి ఇంతే. ఈ మధ్య ఫైబర్ పుట్టీలూ వచ్చాయి.

జూరాలకు వరద ఎగువనున్న ఆలమట్టి, నారాయణపూర్ ప్రాజెక్టుల నుంచి వస్తుంది. ఇక్కడ చినుకు పడకపోయినా అక్కడ గేట్లు ఎత్తితే ఇక్కడ నది పొంగుతుంది. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్రలకు వచ్చిన వరద కర్నూలునూ, అలంపూర్‌నూ ముంచేసింది. అంతటి వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. కానీ వల కొట్టుకుపోవడానికి అంత వరద అక్కర్లేదు. ఒక్కసారిగా ప్రవాహం పెరిగినా చాలు. నీటి అడుగున మోడులకు చిక్కుకుని చిరగొచ్చు. రాత్రికి రాత్రి ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. పుట్టి మునగడం అరుదు, వల పోవడం మామూలు. బీమా దగ్గర అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మూడు నష్టాలు... మూడు బీమాలు

'బీమా ఉంది' అని ఎవరైనా అంటే, దేనికి ఉంది అని అడగాలి. చేపలవేటలో నష్టం మూడు రకాలు. ఒకటి ప్రాణానికి, రెండోది పడవకు, మూడోది వలలూ ఇతర సామగ్రికి. ఒకదానికి చేసిన బీమా ఇంకోదానికి పనికిరాదు.

మొదటిది కాస్త నయం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా పెట్టారు. వేటలో ఉన్నవారు ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షల రూపాయలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 25 వేల రూపాయల వరకు అని నిర్ణయించారు. ప్రీమియంలో మత్స్యకారుడి వాటా లేదు, ప్రభుత్వాలే కడతాయి. అందుకే చాలామందికి తమ పేరు జాబితాలో ఉందో లేదో కూడా తెలియదు. పేరు, ఆధార్, నామినీ వివరాలు సరిగా ఉన్నాయో లేదో ఏటా సంఘంలోనో, మత్స్యశాఖ కార్యాలయంలోనో చూసుకోవడం ఇంటివాళ్ల పని.

దీనికి తోడు బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారికి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. 2015లో ఏడాదికి 12 రూపాయలతో మొదలైన దీని ప్రీమియం 2022 జూన్ నుంచి 20 రూపాయలైంది. ప్రమాదంలో మరణిస్తే నామినీకి 2 లక్షలు. జూన్ 1 నాటికి ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఇవన్నీ మనిషికి. పడవ మునిగితే, వల పోతే వీటి నుంచి పైసా రాదు.

చిన్న అక్షరాల్లో పెద్ద సంగతి

పడవ బీమాను కంపెనీలు 'మెరైన్ హల్' విభాగంలో చూస్తాయి. హల్ అంటే పడవ దేహం. పడవ పూర్తిగా నాశనమైనా, పాలసీని బట్టి కొంత దెబ్బతిన్నా పరిహారం ఇస్తారు. ఇంజనూ దాని భాగాలూ ఇందులోకి రావచ్చు. కానీ వల అలా కాదు. పాలసీలో 'ఫిషింగ్ గేర్' అని వేరే షరతు ఉంటుంది. వలలు, తాళ్లు, బెండ్లు, గాలాలు అన్నీ ఆ మాట కిందకే వస్తాయి.

లండన్ బీమా సంస్థలు 1987లో రూపొందించిన చేపల పడవల షరతులను ప్రపంచంలో చాలాచోట్ల నమూనాగా తీసుకుంటారు. వాటిలో వల గురించి ఉన్న మాట సూటిగా చెప్పాలంటే ఇదీ: వలకు జరిగిన నష్టానికి పరిహారం లేదు. అయితే నిప్పంటుకునో, పిడుగు పడో పోయినా, బయటివాళ్లు దౌర్జన్యంగా దోచుకుపోయినా ఇస్తారు. పాలసీలో రాసిన ప్రమాదం వల్ల పడవ పూర్తిగా పోయి, దాంతోపాటే వల కూడా పూర్తిగా పోయినా ఇస్తారు. అంతే.

ఇప్పుడు దీన్ని జూరాలలో పెట్టి చూడండి. సాయంత్రం వల వేసి, పుట్టిని ఒడ్డుకు లాగి ఇంటికొచ్చారు. తెల్లారేసరికి వల లేదు, పుట్టి భద్రంగా ఉంది. ఇలాంటి షరతున్న పాలసీ చేతిలో ఉన్నా ఆ వలకు రూపాయి రాదు. ఎవరో చడీచప్పుడు లేకుండా ఎత్తుకుపోయారా? అదీ 'దౌర్జన్యపు దోపిడీ' కిందకు రాదు. మోడుకు తగిలి చిరిగిందా? అది అరుగుదల అంటారు. అంటే జూరాలలో వల ఎక్కువగా ఏ కారణాలతో పోతుందో, ఆ కారణాలే పాలసీ బయట ఉండిపోతాయి!

కంపెనీలను తప్పు పట్టడానికీ లేదు. నీళ్లలో ఉన్న వలను ఎవరూ చూడలేరు. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, అసలు ఉందా అన్నది తేల్చడం సర్వేయరుకు కష్టం. అందుకే కంపెనీ వెనకాడుతుంది. కాబట్టి వలకు రక్షణ కావాలంటే అదనంగా అడగాలి, అదనంగా కట్టాలి, కాగితం మీద రాయించుకోవాలి. 'అన్నీ వస్తాయిలే' అన్న నోటిమాట క్లెయిము రోజున పనికిరాదు.

సంతకానికి ముందు ఆరు ప్రశ్నలు

పాలసీ ఎవరు అమ్ముతున్నా ఈ ప్రశ్నలకు జవాబు తీసుకోవాలి. వీలైతే రాతపూర్వకంగా.

1. వలలు, సామగ్రి పాలసీలో విడిగా రాశారా? వాటికి విడిగా ఎంత మొత్తం? పడవ విలువలోనే కలిపేశామంటే, వల ఒక్కటే పోయినప్పుడు ఏం ఇస్తారో అడగండి.

2. వల నీళ్లలో ఉన్నప్పుడు, పడవలో ఉన్నప్పుడు, ఒడ్డున ఆరేసినప్పుడు... ఈ మూడింటిలో ఏయే సమయాల్లో రక్షణ ఉంటుంది?

3. దొంగతనం అంటే కంపెనీ లెక్కలో ఏమిటి? తాళం పగలగొడితేనే ఇస్తారా? కాపలా లేని చోట పోయినా ఇస్తారా?

4. వరద హెచ్చరిక వచ్చాక, గేట్లు ఎత్తాక, వేట నిషేధం ఉన్న రోజుల్లో జరిగిన నష్టానికి పాలసీ వర్తిస్తుందా? ఏ జలాశయం, ఏ హద్దుల వరకు?

5. మన చేతి నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం ఎంత? దీన్ని 'ఎక్సెస్' అంటారు. వల విలువ 8 వేలు, ఎక్సెస్ 5 వేలు అనుకుందాం. వల మొత్తం పోయినా చేతికొచ్చేది 3 వేలే. దానికోసం ఏటా కట్టే ప్రీమియం ఎంతో పక్కన రాసి చూసుకోండి.

6. పాత వలకు కొత్త వల ధర ఇస్తారా, వాడకం కింద కోసి ఇస్తారా? నైలాన్ వల ఏటేటా విలువ తగ్గే సరుకు. రెండేళ్ల వలకు సగం ధర కూడా రాకపోవచ్చు.

పడవో వలో బ్యాంకు అప్పుతో కొన్నదైతే మరో సంగతి. పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది. పరిహారం ముందు అప్పుకు జమవుతుంది, మిగిలితేనే మన చేతికి.

ఒక్కడికి కష్టం... సంఘానికి సులువు

నిజం చెప్పుకోవాలంటే, ఇంజను లేని ఒక్క పుట్టికి, నాలుగు వలలకు పాలసీ రాయడానికి కంపెనీలు అంతగా ముందుకు రావు. వచ్చే ప్రీమియం కంటే చూసి రావడానికయ్యే ఖర్చే ఎక్కువ. అదే ఊళ్లోని మత్స్య సహకార సంఘం సభ్యులందరి పుట్టీలు, వలల జాబితాతో వెళితే మాట మారుతుంది.

దీనికి చట్టపరమైన ఆధారమూ ఉంది. బీమా నియంత్రణ సంస్థ 2005లో తెచ్చిన సూక్ష్మబీమా నిబంధనల్లో గుడిసె, పశువులతోపాటు పనిముట్లనూ చేర్చింది. విడిగా గానీ, బృందంగా గానీ తీసుకోవచ్చంది. మత్స్యకారుడి పనిముట్టు వల కాక మరేమిటి? పనిముట్ల బీమా కింద వలలను చేర్చాలని సంఘం తరఫున అడగొచ్చు. ఒకటి రెండు కంపెనీల నుంచి ధరలు తెప్పించుకుని పోల్చుకోవచ్చు.

కొత్త దారులూ లేకపోలేదు. కరీబియన్ దీవుల్లో సెయింట్ లూసియా, గ్రెనడా దేశాలు 2019లో మత్స్యకారుల కోసం ఒక బీమా మొదలుపెట్టాయి. అందులో ఎవరి పడవ పోయింది, ఎవరి వల చిరిగింది అని వెతకరు. గాలివాన, అలల తీవ్రత ముందే అనుకున్న కొలత దాటితే పరిహారం విడుదలవుతుంది. జూరాలలోనూ ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ప్రాజెక్టు అధికారులు లెక్కగట్టే సంగతే. 'ఇన్ని క్యూసెక్కులు దాటితే ఇంత' అన్న పద్ధతి ఇక్కడా ఆలోచించదగ్గదే.

సర్కారు సాయం బీమా కాదు

'వరదొస్తే ప్రభుత్వం ఇస్తుందిలే' అనుకునేవారూ ఉన్నారు. ఎంత ఇస్తుంది? విపత్తు సహాయ నిధికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్కల్లో పూర్తిగా పాడైన పడవకు 15 వేలు, కొంత పాడైతే 6 వేలు. పూర్తిగా పోయిన వలకు 4 వేలు, చిరిగితే 3 వేలు. అదీ విపత్తుగా గుర్తిస్తేనే. గాలికి కొట్టుకుపోయిన ఒక్కరి వలకు అది వర్తించదు.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. బీమా లేని బోట్ల యజమానులనూ ఆదుకుంటామని, బోటు విలువలో 80 శాతం ఇస్తామని నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. ఊరంతా చూసిన ప్రమాదం కనుక అది సాధ్యమైంది. చీకట్లో కొట్టుకుపోయిన వల ఎవరి కంటా పడదు, ఏ పేపర్లోనూ రాదు.

పోయిన రోజున ఏం చేయాలి?

పాలసీ ఉన్నా, రుజువులు లేకపోతే పరిహారం రాదు. కొన్నరోజే రసీదును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవాలి. పుట్టి, వలల ఫొటోలు తీసి, ఎన్ని మీటర్లు, కన్ను సైజు ఎంత, ఎప్పుడు కొన్నారు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాయాలి. సంఘం అధ్యక్షుడి సంతకంతో ఏడాదికోసారి ఆ జాబితాను సరిచూసుకుంటే మరీ మంచిది. ఇంట్లో చదువుకునే పిల్లలకు ఇది పది నిమిషాల పని.

నష్టం జరిగిందని తెలిసిన వెంటనే కంపెనీకి చెప్పాలి. ఆలస్యం క్లెయిముకు శత్రువు. దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు, వరదైతే రెవెన్యూ, మత్స్యశాఖల ధ్రువీకరణ తీసుకోవాలి. సర్వేయరు చూసేదాకా విరిగిన పుట్టిని బాగుచేయించొద్దు, చిరిగిన వలను పారేయొద్దు. మిగిలిందాన్ని కాపాడుకునే ప్రయత్నం మాత్రం చేయాలి. 'పాలసీ ఉందిగా' అని వదిలేస్తే కంపెనీ వేలెత్తి చూపుతుంది.

క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాదిలోపు వెళ్లాలి. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల విభాగం టోల్‌ఫ్రీ నంబరు 155255.

ఇంతా చూశాక వలకు తగిన బీమా దొరకలేదనుకోండి. అప్పుడూ చేయగలిగింది ఉంది. ప్రాణానికి, పడవకు ఉన్న బీమాను వదులుకోకుండా, వల ప్రీమియానికి పోయే డబ్బును సంఘంలో నెలనెలా ఒక నిధిగా వేసుకోవచ్చు. వల పోయినవారికి దాంట్లోంచి వడ్డీ లేకుండా ఇస్తే, మళ్లీ నీళ్లలోకి దిగడానికి షావుకారు గడప ఎక్కే పని తప్పుతుంది.

వల కొనేటప్పుడు ఎవరూ కళ్లు మూసుకుని కొనరు. పట్టి లాగుతారు, ముడులు చూస్తారు, కన్ను కన్నూ తడుముతారు. పాలసీనీ అలాగే చూడాలి. వలకు చిల్లుంటే పోయేది చేప. పాలసీలో చిల్లుంటే పోయేది ఏడాది కష్టం!