ఉప్పలపాడు కొంగకు ఎంత లెన్సు కావాలి?

గుంటూరును ఆనుకుని ఉన్న పెదకాకాని మండలంలో ఉప్పలపాడు అనే ఊరుంది. ఆ ఊరి చెరువులో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఏటా గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. చుట్టూ ఇళ్లు, పొలాలు. నీళ్ల నడుమ చెట్ల మీద వందల రెక్కలు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు అక్కడికి వెళ్లి, కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సుతో తీస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే ఫొటోలో చెరువుంటుంది, చెట్లుంటాయి, ఆకాశముంటుంది. కొంగ మాత్రం ఓ తెల్ల చుక్క. దూరాన్ని దగ్గరగా చూపే టెలీ జూమ్ లెన్సు కావాలని తెలిసొచ్చేది అప్పుడే. ఏది కొనాలి, ఎంత పెట్టాలి అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న.

దానికి జవాబు చిన్న లెక్కలో ఉంది. పక్షి ఎత్తును లెన్సు నాభ్యంతరంతో (ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు మీద రాసి ఉండే మిల్లీమీటర్ల అంకె) హెచ్చించి, మనకూ పక్షికీ మధ్య దూరంతో భాగిస్తే, సెన్సార్ మీద పడే బొమ్మ ఎత్తు వస్తుంది. పెయింటెడ్ స్టార్క్ నిలబడితే సుమారు మీటరు ఉంటుంది. అది 50 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 55 మిల్లీమీటర్ల దగ్గర దాని బొమ్మ 1.1 మిల్లీమీటర్లే. 250 దగ్గర 5, 300 దగ్గర 6 మిల్లీమీటర్లు. చౌక కెమెరాల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ సెన్సార్ ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు. అంటే 250తో కొంగ ఫ్రేములో మూడో వంతు ఎత్తున నిలుస్తుంది. ముక్కు పసుపు, రెక్కల మీద గులాబీ ఈకలు తెలిసిపోతాయి. 55 నుంచి 250కి వెళ్లినప్పుడు వచ్చే లాభం ఎంతో, 250 నుంచి 300కి వెళ్లినప్పుడు వచ్చేది ఎంతో ఈ లెక్కే చెబుతుంది. పెట్టె మీద పెద్ద అంకె కోసం అప్పు చేయనక్కర్లేదు.

నాలుగు వందల ఏళ్ల పని

నాలుగు వందల గ్రాముల బరువు కూడా లేని 55-250 లెన్సు గొట్టం వెనక నాలుగు శతాబ్దాల కృషి ఉంది. ముందు కుంభాకార కటకం, వెనక పుటాకార కటకం పెడితే బొమ్మ పెద్దదవుతుందని 1611లో తన ‘డయాప్ట్రిస్’ గ్రంథంలో వివరించినవాడు యోహానెస్ కెప్లర్. ముందు కటకం కాంతి కిరణాలను ఒకచోటికి చేరుస్తుంటే, వెనక కటకం వాటిని కాస్త విప్పుతుంది. దాంతో కిరణాలు చాలా దూరం నుంచి వస్తున్నట్టు కలుస్తాయి. గొట్టం పొట్టిగానే ఉంటుంది, నాభ్యంతరం మాత్రం పొడవవుతుంది. టెలీఫొటో లెన్సుకు మూలసూత్రం ఇదే. లండన్‌లో థామస్ డాల్‌మేయర్ 1891లో దీన్ని కెమెరాకు పనికొచ్చే లెన్సుగా మలిచి పేటెంటు తీసుకున్నాడు. అదే రోజుల్లో జర్మనీలో అడాల్ఫ్ మీతే కూడా ఇదే దారిలో నడుస్తున్నాడు.

ఆ లెన్సులో నాభ్యంతరం తిప్పగానే మారిపోదు. తిప్పితే మారే లెన్సు, అంటే జూమ్, అంతకంటే కష్టమైన పని. లోపలి ఒక కటకాల గుంపును జరిపితే బొమ్మ పెద్దదవుతుంది, ఆ వెంటనే ఫోకస్ కూడా తప్పుతుంది. తప్పిన ఫోకస్‌ను సరిచేయడానికి ఇంకో గుంపు, ఇంకో వేగంతో, ఒక్కోసారి ఎదురు దిశలో కదలాలి. ఇప్పటి జూమ్ రింగు తిప్పినప్పుడు లోపల జరిగేది అదే. గొట్టానికి చెక్కిన వంపు గాళ్లలో చిన్న మేకులు జారుతూ, ఒక్కో గుంపును దాని దారిన నడిపిస్తాయి. ఆ గాడి వంపులోనే లెక్కంతా ఉంది.

అమెరికాలో క్లైల్ అలెన్ 1902లోనే ఇలాంటి లెన్సుకు పేటెంటు పొందాడు. కానీ మార్కెట్లోకి వచ్చిన తొలి జూమ్‌లలో పేరున్నది 1932 నాటి కుక్ వారో, 40-120 మిల్లీమీటర్లది. అది సినిమా కెమెరాలకు. మన చేతిలో ఉండే లాంటి స్టిల్ కెమెరాకు తొలి జూమ్ 1959లో వచ్చింది: ఫ్రాంక్ బ్యాక్ రూపొందించిన ఫోక్‌ట్‌లాండర్ జూమార్, 36-82. అదే ఏడాది నికాన్ 8.5-25 సెంటీమీటర్ల టెలీ జూమ్ తెచ్చింది.

ఇంత ఆలస్యానికి పెద్ద కారణం గాజు. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ తన మీద పడ్డ కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. ఇరవై ఉపరితలాలున్న జూమ్‌లో సగానికి పైగా కాంతి దారిలోనే పోతుంది. పోయిన కాంతి లోపలే తిరిగి బొమ్మను పాలిపోయేలా చేస్తుంది. వయసు మీరి మసకబారిన లెన్సులు కొత్తవాటికంటే ఎక్కువ కాంతిని పంపుతున్నాయని ఇంగ్లండులో డెనిస్ టేలర్ 1890లలో గమనించాడు. ఆ మసకను కావాలని, కొలిచి, పలుచని పూతగా వేసే పద్ధతిని జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా 1935లో కనిపెట్టాడు. ఆ పూత లేకపోతే ఈ రోజు జూమ్ లేదు. ఆ తర్వాత కంప్యూటర్ లెక్కలు, రంగుల అంచులను తగ్గించే ప్రత్యేక గాజులు, 1985లో మినోల్టా 7000తో లోకానికి అలవాటైన ఆటోఫోకస్ ఒకటొకటిగా చేరాయి.

1995లో కెనాన్ 75-300 ఐఎస్ లెన్సు చేతి వణుకును సరిచేయడం మొదలుపెట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మలుపు ఇదే. 250 దగ్గర చేయి డిగ్రీలో పదో వంతు కదిలితే చాలు, సెన్సార్ మీద బొమ్మ 0.44 మిల్లీమీటర్లు జరుగుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో అది వంద పిక్సెళ్ల పైమాటే. లెన్సులోని చిన్న గైరో సెన్సార్లు ఆ కదలికను పసిగట్టి, ఒక కటకాల గుంపును అందుకు తగ్గట్టు జరిపి, బొమ్మను ఉన్నచోటే నిలబెడతాయి.

చౌక లెన్సులో కొరతేమిటి?

చౌక టెలీ జూమ్‌లో తగ్గించేది ముఖ్యంగా అపర్చర్. 250 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/5.6 అంటే కాంతి లోపలికి వెళ్లే దారి వెడల్పు సుమారు 45 మిల్లీమీటర్లు. అదే ఎఫ్/2.8 కావాలంటే 89 మిల్లీమీటర్లు కావాలి. వెడల్పు రెట్టింపైతే గాజు బరువు, దాన్ని అరగదీసే శ్రమ, మోసే మోటారు అన్నీ పెరుగుతాయి. కెనాన్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం బరువు 375 గ్రాములు; ఎఫ్/2.8 ఉన్న 70-200 అయితే కిలోన్నర దాకా ఉంటుంది. ధరలో తేడా అక్కడ పుడుతుంది. ఆ పెద్ద లెన్సు నాలుగు రెట్లు కాంతి తెస్తుంది.

మన గుంటూరు, ప్రకాశం మైదానంలో కాంతికి కరువు లేదు. సెన్సార్ కాంతికి ఎంత స్పందించాలో చెప్పే అంకె ఐఎస్‌ఓ. ఎండ నిండుగా ఉన్నప్పుడు ఐఎస్‌ఓ 100 దగ్గర ఎఫ్/16, సెకనులో నూరోవంతు షట్టర్ వేగం సరిపోతాయన్నది ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. ఎఫ్/16 నుంచి ఎఫ్/5.6కి వస్తే కాంతి ఎనిమిది రెట్లు. అంటే సెకనులో 800వ వంతు. ఐఎస్‌ఓ 200 చేస్తే 1600వ వంతు. రెక్కలు చాచి నీటి మీదకు దిగే గూడబాతును నిలబెట్టడానికి ఆ వేగం చాలు. ఖరీదైన లెన్సు డబ్బుతో కొనిచ్చే కాంతిని మన ఆకాశం ఊరికే ఇస్తోంది. అందుకే ఈ ప్రాంతంలో మొదటి లెన్సుగా చౌక టెలీ జూమ్ కొనడం సర్దుబాటు కాదు, సరైన ఎంపిక అని నా నమ్మకం.

అయితే ఆ ఎండకు ఓ షరతుంది. మార్చిలో మిర్చి కల్లాల్లో కాయలు ఎండుతున్నప్పుడు, పత్తి తీసేసిన నల్లరేగడి మీద పది దాటాక, నేల సెగ గాలిని కదిలిస్తుంది. వేడి గాలి, చల్ల గాలి పొరలు కాంతిని తలో దిక్కుకు వంచుతాయి. దూరం పెరిగేకొద్దీ బొమ్మ కరిగినట్టవుతుంది. లక్షల లెన్సు పెట్టినా ఆ కరుగుడు పోదు. కాబట్టి సూర్యుడు పైకొచ్చి, నేల ఇంకా వేడెక్కని పొద్దుటి రెండు గంటలే చౌక లెన్సుకూ ఖరీదైన లెన్సుకూ మంచి సమయం. పొద్దుపొడుపు వేళ మాత్రం ఐఎస్‌ఓ 1600 దాకా పెంచడానికి వెనకాడకండి. గరుకుదనం ఉన్న ఫొటో పనికొస్తుంది, కదిలిపోయింది పనికిరాదు.

కొనేముందు

కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఉంటే 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. నికాన్ ఉంటే ఏఎఫ్-పీ 70-300, అందులోనూ చేతి వణుకును సరిచేసే వీఆర్ అక్షరాలున్నదే తీసుకోండి. చూడ్డానికి ఒకేలా ఉండే లెన్సు వీఆర్ లేకుండా కూడా ఉంది. ఈ ఏఎఫ్-పీ లెన్సు డీ3100, డీ90 లాంటి పాత బాడీల మీద పనిచేయదు. అలాంటి బాడీకి 55-200 వీఆర్ వెతకండి. మిర్రర్‌లెస్ అయితే నికాన్ జడ్ 50-250, కెనాన్ ఆర్ఎఫ్-ఎస్ 55-210, సోనీ 55-210. వణుకు సరిచేసే ఏర్పాటు లేని పాత 70-300లు అగ్గువగా దొరుకుతాయి. వాటికోసం ట్రైపాడ్ మోయాల్సి వస్తుంది. మొదటి లెన్సుగా అవి వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి, రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లా పాకిన తెల్ల గీతలు కనిపిస్తే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా వదిలేయండి. జూమ్ రింగు మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. చివరి నాభ్యంతరం దగ్గర దూరపు బోర్డును ఎఫ్/5.6లో, ఎఫ్/8లో తీసి, అక్షరాలు పెద్దవి చేసి చూడండి. నాలుగు మూలలూ ఒకేలా ఉంటే చాలు. ఎఫ్/8లో కాస్త మెరుగవడం సహజం.

ఈ లెన్సు పక్షులకే కాదు. మిర్చి కల్లం అంచున నిలబడి దూరం నుంచి తీస్తే, దూరదూరంగా ఉన్న ఎర్రటి రాశులు ఒకదాని వెనకొకటి ఒత్తుగా కనిపిస్తాయి. దూరంగా నిలబడ్డందువల్ల వచ్చే ఫలితం అది. లెన్సు చేసేది దాన్ని పెద్దది చేసి చూపడమే. కాకపోతే జూమ్ సాగినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది, దానితో కారం ధూళీ పోతుంది. కల్లంలో లెన్సు మార్చకండి. ఇంటికొచ్చాక బ్లోయర్‌తో ఊది, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి.

ఉప్పలపాడులో ఇంకో సంగతి మరవద్దు. ఆ పక్షులు మనుషుల మధ్య నిబ్బరంగా గూళ్లు కట్టుకోవడం ఊరివాళ్లు వాటిని బెదరనివ్వకపోవడం వల్లే. గూటికి దగ్గరగా వెళ్తే తల్లి లేస్తుంది, పిల్లలు ఎండలో పడతాయి. టెలీ లెన్సుకు పెట్టిన ప్రతి రూపాయీ గట్టు మీదే నిలబడి తీయడానికి. దీంతో ఓ ఏడాది తీశాక, దూరం చాలక ఫొటోలు పోతున్నాయా, కాంతి చాలక పోతున్నాయా అని మీ ఫొటోలే చెబుతాయి. దూరమైతే 150-600 వైపు, కాంతైతే ఎఫ్/2.8 వైపు వెళ్లండి. ఆ జవాబు రాకముందు పెద్ద లెన్సుకు డబ్బు పెట్టకండి.