మంచు మీద జారే బద్దలు: మన స్థాయికి తగినవి ఎంచుకోవడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము ముగ్గురం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. పోటీ పరీక్షల గురించి రాయాలా, స్కాలర్‌షిప్పుల గురించి రాయాలా? అవి ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. చివరికి స్కీయింగ్ గురించి రాద్దామని తేల్చుకున్నాం. నవ్వకండి! సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లలకు మంచుతో ఏం పని అని ఇప్పుడు ఎవరూ అనలేరు. మన గురుకులాల్లో చదువుకున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కి ఆ మాటకు ఎప్పుడో జవాబు చెప్పేశారు. వాళ్ళది ఎక్కే విద్య. మేము రాస్తున్నది మంచు కొండ మీద నుంచి కిందికి జారే విద్య గురించి. అందులోనూ జారడానికి ముందు చేయాల్సిన పని గురించి, అంటే కాళ్ళకు కట్టుకునే స్కీలను ఎంచుకోవడం గురించి. ఆ ఎంపికలో మేము పొరపాటు చేశాం. అందుకే రాస్తున్నాం.

మేము ముగ్గురం ఈ హాస్టల్లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా తెచ్చింది మేమే మొదలు. పీజీలో ఉండగా మా యూనివర్సిటీ తరఫున హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి దగ్గరున్న సోలాంగ్ లోయలో ఒక స్కీయింగ్ శిక్షణ శిబిరానికి ఎంపికయ్యాం. ఫీజు యూనివర్సిటీ కట్టింది. రైలు ఖర్చులు, స్వెట్టర్లు మావి. సోలాంగ్ చిన్న చోటే గానీ స్కీయింగ్‌లో పేరున్న చోటు. 2018లో టర్కీలో జరిగిన పోటీలో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీయింగ్ పోటీలో భారతదేశానికి తొలి పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ ఆ మనాలి ప్రాంతపు అమ్మాయే.

మొదటి రోజు సామాన్ల గది ముందు వరుసలో నిలబెట్టి ఒక ఫారం ఇచ్చారు. పేరు, వయసు, ఎత్తు, బరువు, బూటు సైజు. ఆఖరి గడిలో ‘ఎబిలిటీ లెవెల్’ అని ఉంది. బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు చోట్ల టిక్కు పెట్టే ఖాళీలు. మా ముందున్న ఢిల్లీ, బెంగళూరు కుర్రాళ్ళు చకచకా ఇంటర్మీడియట్ అని టిక్కు పెట్టేశారు. మాకు తెలిసిన ఇంటర్మీడియట్ ఒక్కటే, ఎంపీసీ, బైపీసీ! డిగ్రీ దాటి పీజీ చేస్తున్నవాళ్ళం బిగినర్ అని ఎలా రాస్తాం? మేమూ ఇంటర్మీడియట్ అనే పెట్టాం. అప్పటికి మాలో ఎవరమూ మంచును చేత్తో ముట్టుకుని గట్టిగా 2 గంటలు కాలేదు.

ఆ ఒక్క టిక్కుతో ఏమేం మారిపోతాయో ఆనాడు మాకు తెలియదు.

స్కీ అనే మాట పాత నార్స్ భాషలోంచి వచ్చింది. దానికి అర్థం చీల్చిన కట్టె, అంటే మన భాషలో బద్ద. ఇప్పటి స్కీలు కట్టె, ఫైబర్, లోహపు రేకులు కలిపి ఒత్తి చేసినవి. అడుగున ప్లాస్టిక్, అంచుల్లో ఉక్కు పట్టీ. మడమ లేచేలా కట్టుకుని చదును నేల మీద నడిచే స్కీలు ఒక జాతి. మడమను కూడా బిగించి వాలు మీద జారేవి ఇంకో జాతి. వాటిని ఆల్పైన్ స్కీలంటారు. ఈ రెండో జాతిలోనే మళ్ళీ రకాలున్నాయి. యంత్రాలతో చదును చేసిన బాటల మీద పరుగెత్తేవి కొన్ని, మోకాలి లోతు మెత్తటి మంచులో తేలేవి కొన్ని. రెంటికీ మధ్యన, కొండంతా ఒకే జతతో తిరగడానికి చేసినవి ఆల్ మౌంటెన్ స్కీలు. అద్దె దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి, కొత్తగా నేర్చుకునేవాడు మొదట కొనుక్కోదగినవి ఇవే. అన్ని పనులూ చేస్తాయి, ఏ పనిలోనూ మొదటి ర్యాంకు రాదు. అయినా ‘ఆల్ మౌంటెన్’ అన్న పేరు చూసి అన్నీ ఒకటేనని అనుకోకూడదు.

స్కీ మీద మూడు అంకెలు వరుసగా ముద్రించి ఉంటాయి. ఎరువుల బస్తా మీద 17-17-17 అని ఉన్నట్టే! ఉదాహరణకు 128-84-112 అని ఉందనుకోండి. ముందు కొన వెడల్పు 128 మి.మీ., బూటు కింద నడుము 84, తోక 112 అని అర్థం. మొదట చూడాల్సింది మధ్య అంకె. ఆల్ మౌంటెన్ స్కీల నడుము సుమారు 80 నుంచి 100 మి.మీ. దాకా ఉంటుంది. నడుము సన్నగా ఉంటే స్కీ ఒక అంచు మీద నుంచి రెండో అంచు మీదికి తొందరగా ఒరుగుతుంది, గట్టి మంచు మీద బాగా పట్టుకుంటుంది. వెడల్పు పెరిగేకొద్దీ మెత్తటి మంచులో కూరుకుపోకుండా తేలుతుంది గానీ గట్టి నేల మీద తిప్పడానికి కాలి శ్రమ పెరుగుతుంది. నేర్చుకునేవాళ్ళు ఉండేదంతా చదును బాటల మీదే కాబట్టి 75 నుంచి 85 లోపు చాలు. 100 దాటిన స్కీలు చూడటానికి రంగురంగుల బొమ్మలతో భలే ఉంటాయి. వాటి జోలికి పోవద్దు.

ఆ మూడు అంకెల పక్కనే మలుపు వ్యాసార్ధం మీటర్లలో వేసి ఉంటుంది. 12 నుంచి 15 ఉంటే చిన్న మలుపులు తిరుగుతుంది, 18 దాటితే పెద్ద మలుపులు, ఎక్కువ వేగం. నడుము సన్నగా, కొనలు వెడల్పుగా చేయడం వల్లే ఈ మలుపు వస్తుంది. స్కీని అంచు మీదికి ఒరిగిస్తే చాలు, అదే వంపు తిరిగి మనల్ని తీసుకుపోతుంది. 1990ల దాకా స్కీలు దాదాపు తిన్నగా ఉండేవి. చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా వచ్చే 2 మీటర్ల స్కీలతో పాతకాలం వాళ్ళు తిప్పలు పడేవాళ్ళు. స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ వంటివి ఆ దశకంలో ఈ నడుము సన్నటి స్కీలు తెచ్చాక పొడవులు తగ్గాయి, నేర్చుకోవడమూ తేలికైంది.

ఇక పొడవు. మేము తప్పటడుగు వేసింది ఇక్కడే. స్కీని నిటారుగా మన పక్కన నిలబెడితే దాని కొన ఎక్కడికి వస్తుందో చూడాలి. కొత్తవాళ్ళకు గడ్డం దగ్గర ఉండాలి, ముక్కు దాటకూడదు. అదుపుగా మలుపులు తిరగగలిగినవాళ్ళకు ముక్కు నుంచి నుదుటి దాకా. వేగంగా, నిటారు వాలుల్లో జారేవాళ్ళకు తల ఎత్తు, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ. 165 సెం.మీ. ఎత్తు, 60 కిలోల బరువున్న కుర్రాడు మొదటిసారి వెళ్తే 145 నుంచి 152 సెం.మీ. సరిపోతుంది. మనిషి ఎత్తుకు బరువైనవాడైతే కొంచెం పొడవు పెంచాలి, బక్కపలచటివాడైతే తగ్గించాలి. ఎందుకంటే స్కీకి తెలిసేది మన బరువే గానీ ఎత్తు కాదు. పొట్టి స్కీ అంటే చిన్నతనమేమీ లేదు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పోటీ చేసిన కాశ్మీరు క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్‌నే తీసుకోండి. అతను రెండు పోటీల్లో దిగాడు. నిబంధనల ప్రకారం జెయింట్ స్లాలమ్‌కు పురుషుల స్కీ కనీసం 193 సెం.మీ. ఉండాలి, చిన్న మలుపుల స్లాలమ్‌కు 165 ఉంటే చాలు. మనిషి ఒక్కడే, పనిని బట్టి పొడవు మారింది. మాకు ఆ ఇంటర్మీడియట్ టిక్కుకు 168 సెం.మీ. స్కీలు ఇచ్చారు. తలకంటే పైకి ఉన్నాయి. పట్టుకుని ఫొటో కూడా దిగాం!

పొడవుతో పాటు బిగువు కూడా చూడాలి. లారీ కమాన్ కట్ట గుర్తు తెచ్చుకోండి. స్కీని చదును నేల మీద పెడితే కొన్నింటి నడుము కమాన్ కట్టలా పైకి లేచి ఉంటుంది. మనం ఎక్కి నిలబడితే అది అణిగి అంచు మొత్తం మంచును పట్టుకుంటుంది. దీన్ని కాంబర్ అంటారు. ముందు కొన ముందుగానే పైకి లేచి ఉంటే రాకర్ అంటారు. రాకర్ ఉంటే మలుపు మొదలుపెట్టడం తేలిక, మంచులో కొన గుచ్చుకోదు. ఇప్పటి ఆల్ మౌంటెన్ స్కీల్లో చాలావాటికి కొనలో రాకర్, బూటు కింద కాంబర్ రెండూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకు కావాల్సిందీ అదే. లోహపు రేకులు వేసిన బిగువైన స్కీలు వేగంలో వణకవు గానీ వాటిని వంచడానికి బలమూ వేగమూ రెండూ కావాలి. ఖాళీ లారీకి కమాన్ వంగనట్టే, నెమ్మదిగా జారేవాడి కింద బిగువు స్కీ వంగదు. వంగనిది తిరగదు. చేతితో నొక్కి చూసి మెత్తటిది అడిగి తీసుకోండి. చెల్లెళ్ళకు ఒక మాట. అమ్మాయిల కోసమని చేసిన స్కీలు తేలికగా, మెత్తగా ఉంటాయి. బాగుంటే తీసుకోండి. కానీ మీ బరువు, మీ స్థాయి చూసుకునే తీసుకోవాలి, రంగు చూసి కాదు.

బూట్ల సంగతి క్లుప్తంగా చెబుతాం. పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిచి ఆ సైజే అడగాలి. నిలబడితే వేళ్ళు బూటు ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి, మోకాలు వంచితే వెనక్కి జరగాలి. చలికి భయపడి మేము రెండేసి జతల మేజోళ్ళు వేసుకున్నాం. బూటులో కాలు కదిలిపోయింది, పైగా చలి తగ్గలేదు. పలచటి మేజోళ్ళు ఒక్క జత చాలు.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సింది బైండింగ్. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు అది. మామూలుగా జారేటప్పుడు వదలకూడదు, పడినప్పుడు తప్పకుండా వదలాలి. ఎంత బలానికి వదలాలో దాని మీద ఒక అంకె తిప్పి పెడతారు. దాన్ని డిన్ అంటారు. అంకె పెరిగేకొద్దీ బైండింగ్ మొండికేస్తుంది. ఈ అంకె ఎవరి ఇష్టం వచ్చినట్టు పెట్టేది కాదు. దీనికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక పట్టిక ఉంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో, ఆపైన జారే తీరు చూసి లెక్కిస్తారు. నెమ్మదిగా, జాగ్రత్తగా, చిన్న వాలుల్లో జారేవాడు టైప్ 1. మధ్యరకం టైప్ 2. వేగంగా, నిటారు వాలుల్లో జారేవాడు టైప్ 3. ఒక్కో టైపు పెరిగినప్పుడల్లా పట్టికలో ఒక వరుస కిందికి దిగుతారు, అంకె పెరుగుతుంది. వేగంగా పోయేవాడికి మధ్యలో స్కీ ఊడితే ప్రాణాపాయం, అందుకే అతనికి గట్టి బిగింపు. నెమ్మదిగా పోయేవాడు మెలితిరిగి పడతాడు. అప్పుడు బైండింగ్ వదలకపోతే 168 సెం.మీ. బద్ద మన కాలిని పట్టుకుని మెలిపెడుతుంది.

మూడో రోజు మాలో ఒకడికి జరిగింది అదే. పెద్ద వేగం కూడా లేదు. మలుపు తిప్పబోతే స్కీ తిరగలేదు, కొన మంచులో గుచ్చుకుంది, మనిషి తిరిగాడు, కాలు తిరగలేదు. స్కీ ఊడలేదు. వాడి అరుపు విని మేము ఏం చేయాలో తెలియక అక్కడే కూలబడ్డాం. మనాలిలో డాక్టరు చూసి మోకాలి లిగమెంట్ సాగిందన్నారు, తెగలేదన్నారు. బైండింగ్ సరిగ్గా పెట్టినా ముఖ్యంగా ముంగాలి ఎముకనే కాపాడుతుందట, మోకాలికి పూర్తి భరోసా ఉండదట. సరిగ్గా పెట్టకపోతే ఇక చెప్పేదేముంది? ఆ రాత్రి వాడు నొప్పి గురించి మాట్లాడలేదు. వేసవి సెలవుల్లో వాళ్ళ నాన్నతో కలిసి గోదాములో బస్తాలు మోస్తాడు వాడు. “అమ్మకు చెప్పొద్దురా” అని మాత్రం అన్నాడు.

మర్నాడు మేమిద్దరం సామాన్ల గదికి వెళ్ళాం. అక్కడి పెద్దాయనకు మాకొచ్చిన హిందీలో నిజం చెప్పాం. మేము ఎప్పుడూ స్కీ కట్టలేదని, ఫారంలో తప్పు రాశామని. వెనక్కి పంపేస్తారేమోనని గుండె దడదడలాడింది. ఈ భయం మాకు కొత్త కాదు. డిగ్రీ మొదటి ఏడాది ఈ-మెయిల్ తెరవడం రానప్పుడు కూడా “వచ్చు సార్” అని చెప్పి పక్కవాడి తెర వంక చూస్తూ కూర్చున్నవాళ్ళం. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. కొత్త ఫారం తీసి బిగినర్ అని ఆయనే టిక్కు పెట్టాడు. గడ్డం దాకా వచ్చే 150 సెం.మీ. స్కీలు తీసి, మళ్ళీ బరువు అడిగి, స్క్రూడ్రైవర్‌తో బైండింగ్ అంకె తగ్గించాడు. అంతా కలిసి పది నిమిషాలు కూడా పట్టలేదు.

స్థాయి ఎలా తెలుస్తుంది అంటారా? మా శిక్షకుడు సార్ చెప్పింది రాస్తాం. ముందు కొనలు దగ్గరకు, తోకలు దూరంగా పెట్టి వేగం తగ్గించే భంగిమను స్నోప్లౌ అంటారు. ప్లౌ అంటే నాగలి, మనకు చెప్పాల్సిన పని లేదు. అనుకున్న చోట ఈ నాగలి వేసి ఆగలేకపోతే కచ్చితంగా బిగినర్. ఆగగలిగి, రెండు వైపులా తిరగగలిగినా ఇంకా బిగినరే, కాస్త నయం అంతే. రెండు స్కీలూ సమాంతరంగా పెట్టి, మధ్యరకం వాలులో ఎక్కడ కావాలంటే అక్కడ తిరిగి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగగలిగితే ఇంటర్మీడియట్. బాగా ఉన్న రోజు, బాగున్న మంచు మీద చేసింది లెక్క కాదు, అలసిపోయిన సాయంత్రం గట్టిపడిన మంచు మీద చేయగలిగిందే లెక్క. అనుమానం వస్తే కింది స్థాయే రాయాలి. స్థాయి పెరిగితే స్కీలు మార్చుకోవచ్చు. అందుకే మొదటి రెండు మూడు సార్లు కొనకుండా అద్దెకు తీసుకోవడమే మేలు. కొనాలన్న సరదా ఉంటే ముందు బూట్లు కొనండి. పాత స్కీలు చవగ్గా వస్తే అంచుల తుప్పు, అడుగు గీతలే కాదు, ఆ బైండింగ్‌ను ఇప్పటికీ దుకాణం వాళ్ళు సరిచేస్తారో లేదో అడిగి తీసుకోండి. చాలా పాత బైండింగ్‌లను వాళ్ళు ముట్టుకోరు.

దెబ్బ తగిలిన మావాడు ఆరు రోజులు వాలు కింద కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూశాడు. శిబిరం ఆఖరుకు మేమిద్దరం నాగలి దాటి సమాంతరం మొదలుపెట్టాం. ఆ ఎండాకాలం వాడు బస్తాల పనికి పోలేదు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. ఈ వ్యాసంలో బైండింగ్ గురించిన భాగం రాసింది వాడే.

మన సీనియర్ అన్నయ్య ఒకాయన అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నారు. మొన్న చలికాలంలో స్నేహితులు మంచు కొండకు బయల్దేరదీస్తే అద్దె దుకాణంలో నిలబడి మాకు ఫోన్ చేశారు. “ఒరేయ్, టైప్ 1, 2, 3 అని అడుగుతున్నారు, అందరూ 2 పెడుతున్నారు, నేనేం పెట్టను?” అన్నారు. “అన్నా, 1 పెట్టు. స్కీ నీ గడ్డం దాకా ఉందో లేదో చూసుకో” అన్నాం. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశారు. రెండుసార్లు మెలితిరిగి పడ్డారట. రెండుసార్లూ స్కీ టక్కున ఊడి పక్కన పడిందట. మంచు దులుపుకుని, మళ్ళీ తగిలించుకుని కిందికి వచ్చారట.