జగ్గయ్యపేట, నందిగామ: ఓటు కంటే ముందే పడే గీత

జగ్గయ్యపేట శాసనసభ స్థానానికి 1985 నుంచి 2024 దాకా తొమ్మిది సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఈ తొమ్మిదింటిలో గెలిచినవాళ్ళు ముగ్గురే. తెలుగుదేశం తరఫున నెట్టెం రఘురాం 1985, 1989, 1994లో వరుసగా గెలిచారు. సామినేని ఉదయభాను 1999, 2004లో కాంగ్రెస్ నుంచి, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. తాతయ్యగా అందరికీ తెలిసిన శ్రీరాం రాజగోపాల్ 2009, 2014, 2024లో తెలుగుదేశం అభ్యర్థిగా నెగ్గారు. మనిషికి మూడేసి సార్లు, పంచి పెట్టినట్టుగా. ఇంకో చిత్రం ఉంది. 1989లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలిస్తే జగ్గయ్యపేట తెలుగుదేశానికి ఓటేసింది. 1999లో చంద్రబాబు నాయుడు మళ్ళీ అధికారంలోకి వస్తే ఇక్కడ కాంగ్రెస్ గెలిచింది. 2009లో వైఎస్ రాజశేఖరరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయితే ఇక్కడ తెలుగుదేశం గెలిచింది. ఒకసారి గాలితో, మరోసారి గాలికి ఎదురు. కాబట్టి ఎన్నికల ఫలితం ఏదైనా ‘గాలి’ అనే ఒక్క మాటతో తేల్చేసే మన అలవాటు ఈ ఊరి విషయంలో సగం కూడా పనికిరాదు.

పక్కనే ఉన్న నందిగామ కథ వేరు. రెండు ఊళ్ళూ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదవే. రెండూ పశ్చిమ కృష్ణా మెట్ట ప్రాంతమే. డెల్టాకు కృష్ణా కాలువల ధీమా ఉంటే, ఈ మెట్టకు ఉన్నది నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూముల ఎదురుచూపు. పత్తి, మిరప, ముక్త్యాల, జయంతిపురం వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మునేరు, పాలేరు వాగుల వరదలు: రెండు నియోజకవర్గాల మంచిచెడ్డలు చాలావరకు ఒకటే. రెండూ విజయవాడ లోక్‌సభ స్థానంలోనివే, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలోనివే. ఇంత పోలిక ఉన్న రెండు చోట్ల రాజకీయం రెండు దారులు పట్టిందంటే, కారణాన్ని నేలలోనో నీళ్ళలోనో వెతకడం దండగ. నా దృష్టిలో ఆ కారణం నియోజకవర్గాల పునర్విభజన. ఓటరు బూత్‌కు వెళ్ళకముందే, ఎవరి మధ్య పోటీ జరగాలో తేల్చేసిన గీత అది.

2002 పునర్విభజన చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ నాయకత్వంలో ఏర్పడిన కమిషన్ 2001 జనాభా లెక్కల ఆధారంగా హద్దులు మార్చింది. ఉమ్మడి కృష్ణా జిల్లాలో స్థానాలు 17 నుంచి 16కు తగ్గాయి. కంకిపాడు, ఉయ్యూరు, నిడుమోలు వంటి పాత పేర్లు చెరిగిపోయాయి. అప్పటిదాకా జనరల్ స్థానంగా ఉన్న నందిగామ 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు అయింది. పొరుగున జగ్గయ్యపేట జనరల్‌గానే మిగిలింది. దాని ప్రభావం తెలియాలంటే అంతకు ముందు నందిగామలో ఎవరున్నారో చూడాలి. కమ్యూనిస్టులు బలంగా ఉన్న రోజుల్లో పిల్లలమర్రి వెంకటేశ్వర్లును శాసనసభకు పంపిన ఊరు ఇది. ఆ తరువాత ఎన్టీఆర్ మంత్రివర్గంలో హోంమంత్రిగా పనిచేసిన వసంత నాగేశ్వరరావు ఇక్కడినుంచే గెలిచారు. 1994లో దేవినేని వెంకటరమణ నెగ్గారు. 1999లో ఆయన రైలు ప్రమాదంలో చనిపోయాక తమ్ముడు ఉమామహేశ్వరరావు ఆ ఏడాదీ, 2004లోనూ గెలిచారు. 2004లో రాష్ట్రంలో తెలుగుదేశం కుప్పకూలినా నందిగామలో నిలిచింది. అలాంటి నాయకుణ్ణి నందిగామ ఓటర్లు ఎన్నడూ ఓడించలేదు. రిజర్వేషన్ రాగానే ఆయన మైలవరం వెళ్ళారు. అక్కడ 2009, 2014లో గెలిచి, రాష్ట్ర జలవనరుల మంత్రి అయ్యారు.

ఇంకా విశేషం 2019లో జరిగింది. 1999లో నందిగామలో కాంగ్రెస్ తరఫున ఉమా మీద పోటీచేసి ఓడిన వసంత కృష్ణప్రసాద్, నాగేశ్వరరావు కుమారుడు, ఇరవై ఏళ్ళ తరువాత వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా మైలవరంలో అదే ఉమాను 12 వేలకు పైగా ఓట్లతో ఓడించారు. 2024 వచ్చేసరికి ఆయనే తెలుగుదేశంలో చేరి టికెట్ తెచ్చుకుని మళ్ళీ గెలిచారు. నందిగామ పాత పోటీ ఆరిపోలేదన్నమాట, మైలవరానికి మకాం మార్చింది. అదే కాలంలో జగ్గయ్యపేటలో ఉదయభాను 2009లో, 2014లో ఓడినా నియోజకవర్గం వదలలేదు, 2019లో తిరిగి గెలిచారు. 2019లో ఓడిన రాజగోపాల్ 2024లో గెలిచారు. జనరల్‌గా ఉన్నచోట ఓడినవాడు అక్కడే ఉండి జనం ముందుకు మళ్ళీ రావచ్చు. గీత మారిన చోట గెలిచినవాడు కూడా వెళ్ళిపోక తప్పదు. ఈ తేడా తెచ్చింది ఓటరు కాదు.

రిజర్వేషన్ వల్ల నందిగామకు ఒరిగిందేమిటని అడిగేవాళ్ళున్నారు. కుటుంబాలు మారాయి గాని కుటుంబ రాజకీయం మారలేదని వాళ్ళ వాదన. దానికి ఆధారాలు లేకపోలేదు. 2009లోనూ 2014లోనూ గెలిచిన తంగిరాల ప్రభాకరరావు, రెండోసారి ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే కన్నుమూశారు. ఆ సెప్టెంబరు ఉపఎన్నికలో ఆయన కుమార్తె సౌమ్య 74 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. వైఎస్సార్ కాంగ్రెస్ పోటీ పెట్టలేదు కాబట్టి ఆ అంకెను బలానికి కొలతగా తీసుకోకూడదు. అవతలి పక్షంలో 2019లో పదివేల పైచిలుకుతో గెలిచిన మొండితోక జగన్మోహనరావు సోదరుడు అరుణ్ కుమార్ శాసనమండలి సభ్యుడయ్యారు. అయినా ఈ వాదన సగమే నిజం. జనరల్ స్థానాల్లో దళితులకు టికెట్ ఇచ్చే అలవాటు మన పార్టీలకు ఏనాడూ పెద్దగా లేదు. గీత మారకపోతే ఈ రెండు దళిత కుటుంబాలు శాసనసభ గుమ్మం తొక్కేవన్న భరోసా ఏమీ లేదు. వారసత్వం తప్పయితే అది జనరల్ స్థానాల్లోనూ తప్పే. దాన్ని రిజర్వేషన్ మెడకు చుట్టడం న్యాయం కాదు.

అసలు బలమైన అభ్యంతరం మరొకటి. రాష్ట్రం విడిపోయాక 2014, 2019, 2024 మూడింటిలోనూ జగ్గయ్యపేట, నందిగామ రెండూ అధికారంలోకి వచ్చిన పార్టీనే గెలిపించాయి. మరి గాలే గెలిచినట్టు కాదా? గాలి బలం పెరిగిందని ఒప్పుకోవాల్సిందే. రాష్ట్రం చిన్నదై, పోటీ రెండు పెద్ద పక్షాల మధ్యకు కుదించుకుపోయాక స్థానిక తేడాలకు చోటు తగ్గింది. కానీ అంకెలు ఇంకో మాట కూడా చెబుతున్నాయి. జగ్గయ్యపేటలో ఆధిక్యం 2014లో రెండు వేలు కూడా లేదు, వైఎస్సార్ కాంగ్రెస్ రాష్ట్రమంతా ఊపేసిన 2019లో ఐదు వేలలోపే. 2021 నవంబరులో మున్సిపాలిటీ ఎన్నిక జరిగితే 31 వార్డుల్లో అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్‌కు 17, తెలుగుదేశానికి 14 వచ్చాయి. రాష్ట్రంలో మున్సిపాలిటీలు దాదాపు అన్నీ ఒకవైపే ఒరిగిన ఏడాది అది. ఇంత దగ్గరి పోటీలో కొన్ని గ్రామాలు హద్దుకు ఇటో అటో జరిగితే చాలు, ఎమ్మెల్యే మారిపోతారు. గాలి బలంగా ఉన్నప్పుడు కూడా గీత విలువ తగ్గదు.

గీత ఎంత దూరం పోగలదో ఈ ప్రాంతానికి పాత అనుభవమే ఉంది. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మునగాల పరగణా నందిగామ తాలూకాలో, కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. 1959లో దాన్ని నల్లగొండ జిల్లాలో కలిపారు. అప్పట్లో అది పాలనా సౌలభ్యం కోసం చేసిన చిన్న సర్దుబాటు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ సర్దుబాటే మునగాల ఏ రాష్ట్రంలో ఉండాలో తేల్చింది.

ఇప్పుడు మరో పునర్విభజన ముందుంది. 2026 తరువాత జరిగే తొలి జనాభా లెక్కలతో స్థానాల సర్దుబాటుకు రాజ్యాంగపరంగా దారి తెరుచుకుంటుంది. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుంచి 225కు పెంచమంటోంది గాని, ఆ పెంపు రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడే జరగాలని కూడా అందులోనే ఉంది. పునర్విభజన జరిగితే నందిగామ మళ్ళీ జనరల్ కావచ్చు, జగ్గయ్యపేట రిజర్వుడు కావచ్చు, రెండిటి మధ్య కొత్త నియోజకవర్గం పుట్టవచ్చు. గత కమిషన్‌లో రాష్ట్రం తరఫున సహ సభ్యులుగా కూర్చున్నవాళ్ళు ఎంపీలు, ఎమ్మెల్యేలే. అంటే గీతతో లాభనష్టాలు ఉన్నవాళ్ళే, వాళ్ళకు ఓటు హక్కు లేకపోయినా. 2002 పునర్విభజన చట్టం ముసాయిదాను ప్రచురించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ జరపమంది. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టులో దాన్ని మార్పించడం దాదాపు అసాధ్యం. కాబట్టి ముసాయిదా వెలువడిన వారంలోనే మీ మండలం, మీ గ్రామం ఏ స్థానంలో పడ్డాయో చూసుకోండి. కాలువ, రోడ్డు, ఆసుపత్రి ఏ ఊళ్ళతో పంచుకుంటున్నారో రాసి అభ్యంతరం పంపండి. విచారణ జరిగే రోజున నాయకులను మాత్రమే పంపకుండా మీరూ వెళ్ళండి.